రాజనడక

పాండురంగం ఇంట్లో పొద్దున లేవగానే మొదట తల దువ్వించుకునేవి కుక్కలు. మనుషుల వంతు తర్వాత. వరంగల్ స్టేషన్ రోడ్డులో ముప్పై ఏళ్లు స్టీలు సామాను అమ్మి, దుకాణాన్ని కొడుకు భాస్కర్‌కు అప్పజెప్పాక ఆయనకు చేతినిండా తీరిక, నోటినిండా మాట, ఇంటినిండా బొచ్చు మిగిలాయి. మూడు పామేరియన్ కుక్కలు. వాటికో దువ్వెన, వాటికో తువాలు, వాటికో పౌడరు డబ్బా. కోడలు శకుంతల దువ్వెనకు నాలుగు పళ్లు ఊడి ఆర్నెల్లయింది. ఆ సంగతి ఇంట్లో ఎవరి దృష్టికీ రాలేదు.

ఏకాదశి నాడు ఉల్లిపాయ కూడా తరగని ఇల్లది. కుక్కలకు మాత్రం రోజూ కోడిగుడ్లు. గుడ్డును గుడ్డంటే ఇల్లు మైలపడుతుంది గనక దానికి ‘మందు’ అని పేరు పెట్టారు. పెరట్లో బట్టలుతికే బండ పక్కన వేరే కిరసనాయిలు స్టవ్వు, వేరే గిన్నె. పనిమనిషి బక్కమ్మ వాటిని ఉడికించి వలిచి, “అయ్యా, మందు తయారైంది” అని కేకేసేది. దేవుడి గదిలో ఉన్న చిలుకమ్మకు ఆ మాట వినపడేది, వాసన మాత్రం తగిలేది కాదు. ముప్పై అయిదేళ్ల కాపురంలో మొగుడి విషయంలో ఆమె నేర్చుకున్న విద్య అది.

హాల్లో పాండురంగం తాతగారి ఫోటో పక్కన అంతకంటే పెద్ద ఫ్రేములో కుక్కల వంశవృక్షం వేలాడుతూ ఉండేది. సైన్‌బోర్డులు రాసేవాడిని పిలిపించి బంగారు రంగుతో రాయించాడు. పైన రాణి. డెబ్భై నాలుగులో సికింద్రాబాద్‌లో ఒక ఆఫీసరు ఇంటినుంచి చూలుతో వచ్చింది. దాని కింద ఒకే ఈతలో పుట్టిన రాజా, గౌరి. ఆ అన్నాచెల్లెళ్లిద్దరి కింద వాళ్ల కూతురు ముత్యం. చెట్టన్నాక కొమ్మలు పక్కలకు పోవాలి. ఈ చెట్టు కొమ్మలు మాత్రం వంగి వంగి మళ్లీ మొదట్లోకే దిగేవి.

ఈ వంశానికి ఒక గుర్తు ఉండేది. ఆరడుగులు మామూలుగా నడిచి, ఉన్నట్టుండి వెనక కాలొకటి పైకి ముడిచి, మిగిలిన మూడు కాళ్ల మీద రెండు గంతులేసి, కాలు వెనక్కి విదిల్చి, మళ్లీ ఏమీ ఎరగనట్టు నడవడం. పాండురంగం దానికి రాజనడక అని పేరు పెట్టాడు. కుక్క కాలెత్తినప్పుడల్లా చప్పట్లు కొట్టి “వాహ్వా!” అనేవాడు. కాలెత్తే పిల్లలు పెద్దిళ్లకు పోయేవి, లేదా పై ఈత కోసం ఇంట్లోనే ఉండేవి. కాలెత్తని పిల్ల పుడితే మొహం తిప్పుకుని, “నాటుది. అడిగినోళ్లకు ఇచ్చెయ్” అనేవాడు.

ఆయన కుక్కపిల్లల్ని అమ్మేవాడు కాదు, ‘ఇచ్చేవాడు’. కావలసినవాళ్లు సంబంధం అడగడానికి వచ్చినట్టు పళ్లెంలో పండ్లు పెట్టుకుని రావాలి. ఇల్లు సొంతమా, మేడ ఉందా, తాతలు ఏం చేసేవారు అని ఆయన అడుగుతాడు. నచ్చితే ఇంగ్లీషులో సర్టిఫికెట్టు రాసిస్తాడు. రాసిస్తాడంటే, జంతుశాస్త్రం చదివి బియ్యెస్సీ పాసైన కోడలి చేత రాయిస్తాడు. ఆ డిగ్రీకి ఆ ఇంట్లో దొరికిన ఏకైక ఉద్యోగం అదే.

ఎనభై ఒకటి శ్రావణంలో, ఒక మంగళవారం పొద్దున, పాండురంగం పంచాంగం మూసి కళ్లద్దాలు తీశాడు.

“శకుంతలా, శుక్రారం తొమ్మిదిన్నరకు మంచిగుంది. ముత్యాన్ని తలంటి తయారు జెయ్యాలె.”

వంటింట్లోంచి చిలుకమ్మ అందుకుంది. “శుక్రారం నా వరలక్ష్మి వ్రతం. ఒక దిక్కు ముత్తైదువలకు పసుపు కుంకుమ, ఒక దిక్కు కుక్కల పెండ్లి. నవ్విపోతరు జనం.”

“జనానిదేముందే! మంచి రక్తం విలువ తెలిసినోడు ఈ బజార్ల ఒక్కడున్నడా?”

శకుంతల పప్పులో రాళ్లేరుతూ తలెత్తకుండానే అడిగింది. “పెండ్లికొడుకు ఎవరు మామయ్యా?” తెలియక అడగలేదు. ఆయన నోటితో వినాలని అడిగింది.

“రాజా. ఇంకెవడు?”

“రాజా దానికి తండ్రి గద. పైగా వాడూ గౌరీ తోడబుట్టినోళ్లాయె.”

“కుక్కలకు గోత్రాలుంటయా పిచ్చిదానా! రక్తం బయటికి పోతే పలుచబడతది. నీ బియ్యెస్సీల ఇది చెప్పలేదా?”

“చెప్పిండ్రు మామయ్యా. కాకపోతే తిరగేసి చెప్పిండ్రు.”

చిలుకమ్మ నవ్వు దగ్గులోకి మార్చుకుంది. పోయిన నెలే తమ్ముడి కొడుక్కు వచ్చిన బంగారంలాంటి సంబంధాన్ని, ఎనిమిది తరాల కింద ఎక్కడో గోత్రం కలిసిందని తిప్పి పంపినవాడు ఈయనే. గుర్తు చేస్తే కుక్కలు వేరు, మనుషులు వేరు అంటాడు. దువ్వెనల దగ్గర మాత్రం ఆ తేడా తిరగబడేది.

పది గంటలకు గేటు ముందు రిక్షా ఆగింది. తెల్ల చీర కట్టుకున్న సారమ్మ వెదురు బుట్టతో దిగింది. ఆమె నలభై ఏళ్లు నర్సుగా చేసి రిటైరైంది. భాస్కర్ కడుపులో అడ్డం తిరిగినప్పుడు తల్లినీ బిడ్డనూ దక్కించింది ఆమే. అందుకే పోయినేడు మేడ లేకపోయినా, తాతల సంగతి అడక్కుండానే, పాండురంగం ఆమెకు రాజా గౌరిల మరో ఈత పిల్లను ఇచ్చాడు. అదీ మామూలు పిల్ల కాదు, నిండు రాజనడక పిల్ల. ఆమె దానికి రూతు అని పేరు పెట్టుకుంది.

“రా అక్కా, రా. ఏది, పండ్లు తేలే?” అన్నాడు పాండురంగం సరసంగా.

“తేలె సేటూ. అప్పుడు పిల్లను అడగ వస్తి. ఇప్పుడు పిల్లను చూపియ్య వచ్చిన.”

బుట్ట మీది తువాలు తీసి రూతును గచ్చు మీద నిలబెట్టింది. దాని వెనక కాళ్లు రెండూ లోపలికి వంగి ఉన్నాయి. అది బరువంతా ముందుకాళ్ల మీద వేసి, వీపు గూని చేసి, రెండడుగులు ఈడ్చుకుని కూర్చుండిపోయింది. కూర్చుని, తప్పు చేసినట్టు అందరి మొహాలూ చూసింది. గడప దగ్గరున్న ముత్యం తోక ఊపుతూ వచ్చి దాన్ని వాసన చూసింది.

పాండురంగం మొహంలో సరసం ఆవిరైంది. “ఏం పెట్టిండ్రమ్మా దీనికి? మీ ఇండ్లల్ల ఆదివారమొస్తే కూర వండుతరు, బొక్కలేస్తరు. పెద్దింటి పిల్లకు అవి అరుగుతయా?”

అప్పుడే పెరట్లోంచి బక్కమ్మ కేక వినిపించింది. “అయ్యా, రెండో మందు గుడ ఉడికింది. వలవాల్నా?”

గుడ్డు వాసన నింపాదిగా హాల్లోకి వచ్చింది.

“పాలన్నం పెట్టిన,” అంది సారమ్మ. “ప్రార్థన కంటె ముందు దానికే పెట్టిన. దేవుడు క్షమిస్తడని.”

“అయితే మంచం మీదికెళ్లి కింద పడేసి ఉంటరు.”

“నలభై ఏండ్లు పిల్లల్ని పట్టుకున్న చేతులు సేటూ. ఒక్కటి జారలే. నీ కొడుకు గుడ జారలే.”

ఆమె మడిచిన కాగితం ఒకటి తీసింది. పశువుల దవాఖాన డాక్టరు దేవదానం రాసింది. మోకాలి చిప్ప గాడిలోంచి తప్పిపోతోంది, రెండు కాళ్లకూ. దెబ్బ వల్ల కాదు, పుట్టుకతో వచ్చింది. చిన్న జాతుల్లో తల్లిదండ్రుల నుంచి దిగుతుంది. తల్లినీ తండ్రినీ పరీక్ష చేయించాలి. అంతవరకు వాటితో ఈతలు వద్దు.

“దేవదానమా!” పాండురంగం కాగితాన్ని రెండు వేళ్లతో, తడిసిన గుడ్డలా పట్టుకున్నాడు. “బర్లకు సూదులేసేటోడు. వానికి పామేరియన్ సంగతేం తెలుసు? మా వంశమే అట్ల నడుస్తది. కావాల్నంటే సర్టిఫికెట్టు చూసుకో.”

“అది గుడ తెచ్చిన,” అంది సారమ్మ. “ఇది ఎవరి చేతిరాత?”

శకుంతల చేతిలో చాట ఆగిపోయింది.

అది ఆమె చేతిరాతే. మామయ్యకు ఇంగ్లీషు రాదు. నడక అన్న చోట ‘రాజసం’ అని రాయమంటే ఆమె కళ్లు దించుకుని, ‘తరతరాలుగా ఏ పనీ చేసి ఎరగని దొరల వంటిది’ అని రాసింది. ఆయన ఆ పొడుగాటి వాక్యం చూసి మురిసిపోయాడు. ఆమె వంటింట్లోకి వెళ్లి కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. ఆ తర్వాత ప్రతి సర్టిఫికెట్టులో అదే వాక్యం. కాలం గడపడానికి ఆమెకు దొరికిన చిన్న సరదా.

“నాదే,” అంది శకుంతల.

“బియ్యెస్సీ చదివినవంట. ఇది నొప్పి అని నీకు తెల్వదా బిడ్డా?”

“అనుమానమొచ్చింది.”

“అనుమానమొస్తే ఇందుల ఇట్ల రాసి నవ్వినవా?”

ఆ మాటలో కోపం లేదు. పురిటి గదిలో నర్సు అడిగే ప్రశ్నలా ఉంది. శకుంతలకు చెంప మీద కొట్టినట్టయింది. ఇన్నాళ్లూ ఈ ఇంట్లో తెలివితక్కువవాళ్లు ఎవరని లెక్కేస్తూ వచ్చింది. తెలిసీ నోరు మెదపని మనిషిని ఏ ఖాతాలో వేయాలో ఆలోచించలేదు.

ఆమె చాట పక్కన పెట్టి వచ్చి నేల మీద కూర్చుంది. “ఎట్ల చూడాల్నో చూపియ్యండి అక్కా.”

సారమ్మ ఆమె బొటనవేలు పట్టుకుని రూతు మోకాలి మీద పెట్టింది. “కాలు చాపి, మెల్లగ లోపలికి నూకు. గట్టిగ కాదు.” వేలి కింద బఠాణీ గింజంత ఎముక టక్కున పక్కకు జారింది. మంచి మోకాలైతే అది కదలదని సారమ్మ చెప్పింది. శకుంతల ముత్యాన్ని దగ్గరకు తీసుకుంది. దాని మోకాలి మీద వేలు పెట్టింది. టక్. ముత్యం కుయ్యిమని ఆమె చెయ్యి నాకింది.

“దీనికీ ఉంది మామయ్యా.”

“ఉంటది! అదే మా వంశం గుర్తు!”

“ఏం గుర్తయ్యా!” బక్కమ్మ గుడ్ల గిన్నెతో గుమ్మంలో నిలబడింది. “మీరు నాటుదని పడేసినది వర్ధన్నపేటల మా మరిది పోశయ్య ఇంట్ల ఉన్నది. కోళ్లెంట ఉరుకుతది, గోడ దుంకుతది. ఒక్కనాడు కాలెత్తలే. మీరు ముద్దుజేసిందేమో గిట్ల బుట్టల వచ్చె.”

“నోరు మూసుకో! కోళ్లెంట ఉరికే కుక్క నా ఇంటిదా? చూడు సారమ్మా, జాతి కుక్కను చూసుకునుడు అందరి తోని కాదు. అంతస్తు సూడక ఇచ్చుడు నాదే తప్పు.”

దేవుడి గది తలుపు తెరుచుకుంది. చిలుకమ్మ వచ్చి మొగుడి ఎదుట నిలబడింది. ఆమె గొంతు పెంచలేదు. ఆ ఇంట్లో అది మంచి శకునం కాదు.

“నన్నూ నా కొడుకునూ బతికిచ్చిన మనిషిని నా గడప మీద నిలబెట్టి అంతస్తు అంటాండ్రా? రాణి ఎట్ల పోయింది, చెప్పుండ్రి.”

“ముసలితనం తోటి.”

“దానికి తొమ్మిదేండ్లు లేవు. ఆఖరి ఏడాదంత లేవలేక ఉచ్చల పండుకునేది. మీరే గద నువ్వుల నూనె వేడి చేసి దాని మోకాళ్లకు రాసేది? ఏ మోకాళ్లకు రాస్తాండ్రో అప్పుడన్న చూసుకోలేదా?”

పాండురంగం చేతిలో కాగితాన్ని అక్కడే పడేశాడు. విసురుగా తన గదిలోకి వెళ్లి తలుపేసుకున్నాడు.

సారమ్మ రూతును బుట్టలో పెట్టుకుంది. “దీన్ని వాపసు ఇయ్య రాలేదమ్మా. ఇది నా బిడ్డ. శుక్రారం ముహూర్తమని, మీ మాటలు విన్న పక్కింటామె రిక్షా దిగంగనే చెప్పింది. ఇసొంటివి ఇంక నాలుగు పుట్టకుండ చూడుండ్రి. అంతే.”

మధ్యాహ్నం భోజనానికి వచ్చిన భాస్కర్ సంగతంతా విని, “రెండు కుక్కల కోసం నాయిన తోటి నీకెందుకు పంచాయతి? ఆయన సరదా ఆయనది,” అని సాంబారు వడ్డించమన్నాడు. దుకాణంలో సొట్టపడ్డ గిన్నెను కూడా పదిసార్లు తిప్పి చూసి గానీ తీసుకోని మనిషి.

“సరదా ఆయనది. పుట్టినయి పాలు కుడవకపోతే, ఇంకు పోసే ఫిల్లరుతో పట్టేది నేను,” అంది శకుంతల. “రేపు అవి నడవలేకపోతే ఆ కాగితం మీద ఉండేది నా రాత. నేనింక రాయను. శుక్రారం ముత్యాన్ని నా చేతుల్ల నుంచి ఇయ్యను. మీ నాయినకు మీరే చెప్తరా, నన్నే చెప్పుమంటరా?”

భాస్కర్ ఎప్పటిలాగే, పెరుగన్నం తొందరగా ముగించి దుకాణానికి పోవడమే నయమనుకున్నాడు.

ఆ సాయంత్రం పాండురంగం చాయ్ తాగలేదు. మరునాడు పొద్దున దువ్వెన చప్పుడు వినిపించకపోయేసరికి శకుంతల హాల్లోకి తొంగి చూసింది. ఆయన గచ్చు మీద కాళ్లు చాపుకుని కూర్చున్నాడు. ఒళ్లో రాజా. బొటనవేలు రాజా మోకాలి మీద ఉంది. జరుపుతున్నాడు, వదులుతున్నాడు. తప్పుగా చూశానేమోనని మళ్లీ జరుపుతున్నాడు.

“కోడలా,” అన్నాడు తలెత్తకుండా. “రెండు దిక్కుల జారుతాంది.”

ఆమె పక్కన కూర్చుంది.

“రాణి కాలెత్తితె నేను చప్పట్లు కొట్టేటోణ్ణి. కొడితే నా మొఖం చూసి, ఇంక నాలుగడుగులు ఎక్కువ నడిచేది. నేను సంబురపడుతున్నానని.” ఆయన రాజా మోకాలిని అరచేత్తో కప్పాడు. “నొస్తదని దానికి నోరు లేకపాయె. నాకు నోరుండి ఏం జేసిన? నొప్పికి రాజనడక అని పేరు పెట్టిన. ఏరి ఏరి, నొప్పి ఉన్నదాన్నే ఉంచిన. మంచిగున్నదాన్ని నాటుదని ఎల్లగొట్టిన.”

పెద్ద మనిషి, ముప్పై ఏళ్లు గల్లా పెట్టె ముందు కూర్చుని ఒక్కరికీ లొంగనివాడు, కుక్క వీపులో మొహం దాచుకుని ఏడ్చాడు. రాజా కొంచెంసేపు ఓపిక పట్టి, ఆయన చెవి నాకడం మొదలుపెట్టింది. శకుంతల దగ్గర ఎప్పుడూ ఒక చురక సిద్ధంగా ఉండేది. ఆ పూట వెతికినా దొరకలేదు.

“నేను నవ్విన మామయ్యా,” అంది. సర్టిఫికెట్టులో రాసిన వాక్యానికి అర్థం తెలుగులో చెప్పింది. దాచకుండా, ఒక్క మాట తగ్గించకుండా.

ఆయన కళ్లు తుడుచుకుని ఆమె వైపు తిరిగాడు. “ఏ పనీ ఎరగని దొరలా?”

“అవును.”

“నా మీదనే రాసినవన్నట్టు.” ఆయన రాజాను ఒళ్లోంచి కిందికి దించాడు. “సరిగ్గనే రాసినవు. ఆ బర్ల డాక్టరు ఎన్నింటికొస్తడు?”

మూడు కుక్కలూ, మామా, కోడలూ ఒకే రిక్షాలో పశువుల దవాఖానకు వెళ్లారు. బర్రెల మధ్య నిలబడి దేవదానం ఓపికగా మూడింటి మోకాళ్లూ చూశాడు. గౌరికి కొంచెం, రాజాకు, ముత్యానికి బాగా. బరువు పెరగనివ్వకండి, మెట్లెక్కనివ్వకండి, వీటితో ఈత మాత్రం వద్దు అన్నాడు.

“వర్ధన్నపేటల ఒకటి మంచిగున్నదంట సార్. దాని తోటి?” అడిగాడు పాండురంగం ఆశగా.

“దాని కాళ్లు మంచిగుండొచ్చు. రక్తంల దాచుకుని పిల్లలకు ఇయ్యొచ్చు. పైకి చూసి చెప్పలేం. బయటి రక్తం కావాలె, రెండు దిక్కుల తల్లిదండ్రుల మోకాళ్లు చూడాలె, పుట్టిన ప్రతిదాని కాళ్లు రాసి పెట్టుకోవాలె. అంత ఓపిక ఉంటేనే కుక్కల్ని పెంచాలె సేటు గారూ. లేకుంటే స్టీలు గిన్నెలే నయం. సొట్టపడితే కనిపిస్తది.”

తిరుగు దారిలో రిక్షాను సారమ్మ ఇంటి వైపు మళ్లించమన్నది పాండురంగమే. దారిలో పండ్లు కొన్నాడు. పళ్లెం లేదు, సంచిలోనే పట్టుకెళ్లాడు. గడప దాటకముందే చేతులు జోడించి, “తప్పు మాట్లాడిన అక్కా,” అన్నాడు. సారమ్మ సంచిలోకి చూసి, “రూతు ఆపిల్ పండు తినది సేటూ, అరటిపండయితే తింటది,” అని లోపలికి పిలిచింది.

శుక్రవారం తొమ్మిదిన్నరకు చిలుకమ్మ వ్రతానికి ముత్తైదువలు వచ్చారు. “మీ ముత్యం పెండ్లెప్పుడు?” అని ఒకామె మూతి బిగించి అడిగింది.

“తప్పిపోయింది,” అంది చిలుకమ్మ వాయనం చేతిలో పెడుతూ. “రెండు దిక్కుల వియ్యంకులం మేమే గద, కొట్లాట లేకుండనే తెగిపోయింది.”

హాల్లో తాతగారి పక్కన గోడ ఖాళీగా ఉంది. వంశవృక్షం ఫ్రేము వెనక అట్టను ఒళ్లో పెట్టుకుని శకుంతల కార్డులు రాస్తోంది. ఇన్నేళ్లలో కుక్కపిల్లలు పోయిన పదకొండు ఇళ్లకు, పదకొండు కార్డులు. ఈసారి తెలుగులో. పాండురంగం చెబుతున్నాడు.

“రాయి. మా దగ్గర తీసుకున్న కుక్క నడక మంచిది కాదు. డాక్టరుకు మోకాళ్లు చూపించుండ్రి. ఆయన ఏమన్నడో మాకు రాయుండ్రి, మేము బుక్కుల ఎక్కించుకుంటం. దానికి పిల్లలు కానియ్యకుండ్రి. తప్పు నాది.”

శకుంతల చివరి మాట దగ్గర ఆగింది. ‘తప్పు మాది’ అని రాసి, కింద ఆయన పేరు పక్కన తన పేరు కూడా రాసింది. ఆయన తొంగి చూసి, తర్వాతి కార్డు అందించాడు.

పెరట్లోంచి ముత్యం వచ్చింది. ముత్తైదువల కాళ్ల మధ్యనుంచి ఆరడుగులు ముచ్చటగా నడిచి, వెనక కాలు పైకి ముడిచి ఒక గంతేసింది. అలవాటు ప్రకారం ఆగి, పాండురంగం మొహంలోకి చూసింది, చప్పట్ల కోసం.

రెండో గంతు వేయకముందే ఆయన లేచి వెళ్లి దాన్ని ఎత్తుకున్నాడు.